టామ్ చెప్పింది నిజమే, కానీ ఎక్కడ ఆపాడో చూశారా?

పేరు రాయొద్దన్నారు, రాయను. ఎం.ఏ. ఇంగ్లీష్ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి పంపిన ఉత్తరం ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

"మాకు అమెరికన్ రచయిత ఫిట్జెరాల్డ్ నవల ‘ద గ్రేట్ గాట్స్‌బీ’ సిలబస్‌లో ఉంది. వచ్చే నెల సెమినార్లో టామ్ బుకానన్ పాత్ర గురించి నేను మాట్లాడాలి. క్లాసులో అందరూ టామ్ పేరెత్తితే పళ్ళు కొరుకుతున్నారు, గాట్స్‌బీ అంటే కరిగిపోతున్నారు. నాకేమో వేరేగా అనిపించింది. టామ్ పొగరుబోతే, కాదనను. కానీ గాట్స్‌బీ దొంగసారా డబ్బుతో ఎదిగాడని బయటపెట్టింది అతనే, అది నిజమే కదా. పెళ్ళయిన ఆవిడ వెంటపడింది గాట్స్‌బీయే కదా. ఎంతైనా టామ్ ఆమె భర్త. నవల మొత్తంలో ఉన్నది ఉన్నట్టు మాట్లాడేవాడు ఇతనొక్కడే అనిపించింది. ఈ మాట క్లాసులో అంటే నవ్వారు. ఒక సీనియర్ అయితే ‘నీలాంటివాళ్ళ వల్లే టామ్‌లు తయారవుతారు’ అంది. సార్ మాత్రం ‘ఆధారాలుంటే అలాగే రాయి’ అన్నారు. నేను తప్పుగా చదివానా? అందరిలాగే విలన్ అని రాసేసి బయటపడనా? టెన్షన్‌గా ఉంది."

టెన్షన్ పడేంత విషయమేమీ కాదండీ. పైగా మీరు మంచి కంపెనీలోనే ఉన్నారు. 1924 డిసెంబరులో ఫిట్జెరాల్డ్ తన ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కి రాసిన ఉత్తరంలో, తను సృష్టించిన పాత్రలన్నిట్లోకీ టామే బాగా కుదిరాడనుకుంటున్నానని చెప్పుకున్నాడు. గాట్స్‌బీ కాదు, టామ్! పుస్తకం పేరు ఒకడిది, రాసినవాడి గర్వం ఇంకొకడి మీద. అంత శ్రద్ధగా చెక్కిన మనిషిని ‘విలన్’ అనే ఒక్క ముక్కతో కొట్టిపారేస్తే నష్టం మీ క్లాసువాళ్ళకే. కాబట్టి ఆ పని చెయ్యకండి. అలాగని మీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు కూడా సెమినార్లో చదవకండి, ఎందుకంటే మీరు సగం దాకా చాలా బాగా వెళ్ళి అక్కడ ఆగిపోయారు.

నవల చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. పుస్తకం 1925 ఏప్రిల్‌లో వచ్చింది, కథ జరిగేది 1922 ఎండాకాలంలో, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో. నీళ్ళకి ఈ పక్క వెస్ట్ ఎగ్, కొత్తగా డబ్బు చేసినవాళ్ళ పేట. ఆ పక్క ఈస్ట్ ఎగ్, పుట్టుకతోనే కలిగినవాళ్ళ పేట. టామ్, అతని భార్య డైసీ ఉండేది ఆ పక్క. ఐదేళ్ళ కింద డైసీని ప్రేమించి, యుద్ధానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఆమెను పోగొట్టుకున్న గాట్స్‌బీ అడ్డదారిలో బోలెడు సంపాదించి ఈ పక్కన మేడ కొన్నాడు. కథ చెప్పే నిక్ కారవే గాట్స్‌బీకి పక్కింటివాడు, డైసీకి దూరపు చుట్టం, టామ్‌కి కాలేజీ రోజుల పరిచయం. టామ్‌కి ఒక చాటు సంబంధం ఉంది, ఊరి బయట బూడిద మేటల దగ్గర గరాజ్ నడిపే విల్సన్ భార్య మర్టిల్. చివరికి చనిపోయేది మర్టిల్, గాట్స్‌బీ, విల్సన్. టామ్, డైసీ మాత్రం పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోతారు.

ఇప్పుడు మీ మొదటి పాయింటు. ప్లాజా హోటల్ ఘట్టం. ఆ ఎండాకాలం మొత్తానికి ఎక్కువ వేడిగా ఉన్న రోజు, ఆ హోటల్ గదిలో ఐదుగురు ఉక్కపోతలో కూర్చున్నారు. గాట్స్‌బీ, అతని భాగస్తుడు వుల్ఫ్‌షైమ్ కలిసి న్యూయార్క్‌లో, షికాగోలో సందుల్లో ఉండే మందుల షాపులు కొని, కౌంటర్ మీదే సారా అమ్మారని టామ్ అక్కడ బయటపెడతాడు. అబద్ధమా? కాదు. వాకబు చేసి మరీ తెలుసుకున్నాడు. ఆ కాలంలో అమెరికా అంతటా మద్యనిషేధం, 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా. అమ్మడం, తరలించడం నేరం. డాక్టరు చీటీ ఉంటే మందుల షాపులో మందు పేరుతో దొరికేది, అందుకే ఆ షాపుల మీద అందరి కన్నూ.

ఇంతవరకూ మీరు రైటే. కానీ అదే గదిలో బల్ల మీద ఏముందో మళ్ళీ చదవండి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు టామ్ ఒక విస్కీ సీసాను తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు. హోటల్‌కి తెచ్చి, ఆ తువ్వాలు విప్పి, సీసా బల్ల మీద పెట్టి, అప్పుడు గాట్స్‌బీని సారా వ్యాపారి అంటున్నాడు! ఆ సీసా ఆకాశంలోంచి ఊడిపడిందా? నేరం అమ్మినవాడిదట, తాగేవాడు మర్యాదస్థుడట. ఇది మనకి తెలియని లెక్కేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక, 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళలో సీసా ఎవరింటి అల్మారాలో ఉండేదో, స్టేషన్‌లో ఎవరు కూర్చునేవారో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ప్లాజా ఘట్టం ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి. గాట్స్‌బీకి డబ్బు ఎక్కడిదని నవలలో అందరూ అడుగుతారు. పార్టీకి వచ్చి అతని తిండి తిని అతని మందు తాగేవాళ్ళు కూడా మనిషిని చంపాడట, జర్మన్ గూఢచారి అట అని గుసగుసలాడతారు. టామ్‌కి డబ్బు ఎక్కడిదని మాత్రం ఒక్కరూ అడగరు. వాళ్ళది విపరీతంగా ఉన్న కుటుంబం అని ఒక మాట వస్తుంది, అంతే. ఏ ఫ్యాక్టరీలోంచి వచ్చింది, ఎవరి చెమటలోంచి వచ్చింది, ఎవరికీ పట్టదు. షికాగో పక్కనున్న లేక్ ఫారెస్ట్ నుంచి పోలో గుర్రాల మందనే వెంట తెచ్చుకున్నాడట, తన ఈడువాడికి అంత ఎలా ఉంటుందా అని నిక్ నోరెళ్ళబెడతాడు గానీ ఆ పైన ఒక్క ప్రశ్న వెయ్యడు. నడమంత్రపు సిరిని చూసి నవ్వేవాళ్ళు పాతసిరి కథ అడగరు, ఏ ఊళ్ళోనైనా అంతే. టామ్ దర్జా అంతా ఆ అడగకపోవడం మీదే నిలబడి ఉంది. సెమినార్లో ఈ ముక్క తప్పకుండా చెప్పండి, ఎవరూ నవ్వరు.

"ఎంతైనా భర్త కదా" అన్నారు మీరు. ఈ మాట మీద మీ సీనియర్‌కి కోపం రావడం నాకు అర్థమైంది, అయితే ఆవిడ అన్న తీరు బాగాలేదు. నేనొకటే అడుగుతాను. భర్త అన్న మాటతో మీరు ఏ హక్కు ఇస్తున్నారు అతనికి? పెళ్ళి 1919 జూన్‌లో, లూయీవిల్‌లో. నాలుగు ప్రత్యేక రైలు పెట్టెల్లో వందమందితో దిగాడు, హోటల్లో ఒక అంతస్తు మొత్తం తీసుకున్నాడు, పెళ్ళికి ముందురోజు మూడున్నర లక్షల డాలర్ల ముత్యాల హారం ఇచ్చాడు. హనీమూన్ నుంచి తిరిగొచ్చి నెలలు గడవలేదు, శాంటా బార్బరా దగ్గర ఒక రాత్రి అతని కారు బండిని గుద్దుకుని ముందు చక్రం ఊడిపోయింది. పక్కన ఉన్న అమ్మాయికి చెయ్యి విరిగింది కాబట్టి ఆమె సంగతి కూడా పేపర్లకెక్కింది, ఆమె అక్కడి హోటల్లో గదులు సర్దే పనిమనిషి. ఇది డైసీ స్నేహితురాలు జోర్డన్ బేకర్ నిక్‌కి చెప్పే కబుర్లలో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆ అమ్మాయికి పేరు లేదు. చెయ్యి బాగయిందా, ఉద్యోగం ఉందా ఊడిందా, నవల మళ్ళీ ఎత్తదు. టామ్ కారుకి మాత్రం కొత్త చక్రం వచ్చే ఉంటుంది.

టామ్ పాత్రని నేను చదివే పద్ధతి ఇదే. అతను ఏం మాట్లాడాడన్నది కాసేపు పక్కన పెట్టి, ప్రతి ఘట్టంలో బిల్లు ఎవరు కట్టారో చూడండి. మొదటి అధ్యాయంలో భోజనాల బల్ల దగ్గర డైసీ తన చిటికెన వేలు చూపిస్తుంది, కణుపు దగ్గర నల్లగా కమిలి ఉంటుంది. ఇది నువ్వు చేసిందే టామ్, కావాలని చెయ్యలేదులే గానీ చేసింది నువ్వే అంటుంది, దుక్కలా ఉండే మొగుణ్ణి కట్టుకున్నందుకు తగిన శాస్తి అన్నట్టు ఒక మాట కలుపుతుంది. అప్పుడు టామ్ ఏమంటాడు? వేలు గురించి ఒక్క ముక్క లేదు. నొప్పిగా ఉందా అని అడగడు, పొరపాటయింది అనడు. ఆ ‘దుక్క’ అనే మాట నాకు నచ్చదు, సరదాకైనా సరే, అని చిరాకుపడతాడు. అక్కడ దెబ్బ తగిలింది ఆమెకి, నొచ్చుకున్నది అతను. ఒకే ఒక్క పేజీలో మనిషి మొత్తం దొరికిపోయాడు, ఆ తర్వాత వచ్చేదంతా దీనికి కొనసాగింపే.

రెండో అధ్యాయంలో కుక్క కొనే ఘట్టం మీ వాదనకి చాలా దగ్గర, మీరు వదిలేశారెందుకో. మర్టిల్‌కి కుక్కపిల్ల కావాలనిపిస్తుంది. రోడ్డు పక్కన బుట్టలో కుక్కపిల్లలు పెట్టుకుని అమ్మే ఒక ముసలాయన, చూడ్డానికి అచ్చం రాక్‌ఫెల్లర్‌లా ఉంటాడట (ఫిట్జెరాల్డ్ కొంటెతనం, దేశంలోకెల్లా పెద్ద షావుకారు ముఖాన్ని వీధిలో కుక్కలమ్ముకునేవాడికి అంటించాడు). ఇది మంచి జాతి అంటాడు ఆ ముసలాయన. పది డాలర్లు అంటాడు. మగదా ఆడదా అని మర్టిల్ ముద్దుగా అడిగితే మగదే అంటాడు. టామ్ అడ్డొచ్చి, ఆడది అని తేల్చేసి, డబ్బు చేతిలో పడేసి, ఇదిగో తీసుకో, దీంతో ఇంకో పది కుక్కలు కొనుక్కో అంటాడు. ఇక్కడా అతనన్నది బహుశా నిజమే. కుక్క ఆడదే, ధర ఎక్కువే. అయినా ఆ నిజంతో ఆయన చేసిన పనేంటి? బేరం ఆడలేదు, మానలేదు. మోసం నాకు తెలుసు, అయినా నాకో లెక్క కాదు, నువ్వో లెక్క కాదు అని చెప్పాడు. టామ్ నోట్లో నిజం ఎప్పుడూ ఈ పనే చేస్తుంది, ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడానికి పనికొస్తుంది.

ఆ రాత్రే, మర్టిల్ కోసం టామ్ అద్దె కడుతున్న ఫ్లాట్‌లో, మర్టిల్ డైసీ పేరు ఎత్తుతుంది. ఎత్తొద్దంటాడు. నా ఇష్టం, అంటాను అని పేరు మళ్ళీ మళ్ళీ అంటుంది. చెయ్యి చేసుకుంటాడు, ముక్కు పగులుతుంది. రచయిత దీనికి వాడింది ఒకే ఒక్క చిన్న వాక్యం. అరుపులు, కోపంతో ఊగిపోవడం, పళ్ళు నూరడం ఏమీ లేవు, చెయ్యి అలా వెళ్ళి ఇలా వచ్చింది, అంతే. ఇందాకటి చిటికెన వేలు గుర్తుందా, అక్కడ "కావాలని చెయ్యలేదు" అని డైసీ సర్దిచెప్పింది. ఇక్కడ సర్దిచెప్పడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అతను చదివే పుస్తకం సంగతి కూడా చూడాలి. గొడ్డార్డ్ అనే ఆయన రాసిన పుస్తకం చదివాననీ, రంగు తక్కువ జాతులు తెల్లవాళ్ళని ముంచేస్తాయనీ, అంతా సైన్సు ప్రకారం రుజువైందనీ భోజనాల దగ్గర ఉపన్యాసం దంచుతాడు. ఆ పేరు కల్పితమే కానీ వెనక ఉన్నది అసలు మనిషే, లోత్రాప్ స్టాడర్డ్ అనే ఆయన 1920లో ఇదే ధోరణిలో పుస్తకం వేశాడు. క్లాసులో దీన్ని టామ్ మూర్ఖత్వం అని నవ్వేసి వదిలేస్తారు, అది పొరపాటు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు కాబట్టి పౌరసత్వం ఇవ్వక్కర్లేదని తీర్పిచ్చింది. 1924లో వచ్చిన వలస చట్టం ఆసియావాళ్ళకి దాదాపుగా తలుపులు మూసేసింది. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది సరిగ్గా ఈ మధ్యలోనే, 1923 అక్టోబరులో. అంటే టామ్ వాగింది ఒంటరి పొగరుబోతు వాగుడు కాదు, ఆ దేశపు కోర్టూ, మన పార్లమెంటు లాంటి కాంగ్రెసూ పెద్దమనిషి భాషలో రాసిందే ఇతను కూర నములుతూ మాట్లాడాడు. అందుకే అంత ధీమా. తను ఒక అభిప్రాయం చెబుతున్నానని అతనికి అనిపించదు, లోకం తీరు చెబుతున్నాననుకుంటాడు.

ఇదే మనిషి ప్లాజాలో కుటుంబ వ్యవస్థ పాడైపోతోందని, ఊరూ పేరూ లేని ఎవడో వచ్చి భార్యని ఎగరేసుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా అని వాపోతాడు. మర్టిల్ ఫ్లాట్‌కి అద్దె కడుతూ! గురివింద గింజ సామెత ఇలాంటివాళ్ళ కోసమే పుట్టినట్టుంది.

ఇప్పుడు మీ పక్షాన ఒక మాట, మీ క్లాసువాళ్ళు ఎవరూ చెప్పి ఉండరు. అదే ప్లాజాలో, నీ భర్తని ఎప్పుడూ ప్రేమించలేదని చెప్పు అని గాట్స్‌బీ డైసీని బలవంతపెడతాడు. ఆమె అంటుంది కూడా. అప్పుడు టామ్ గొంతు మారిపోతుంది. కపియొలానీలో కూడానా అని అడుగుతాడు, హవాయి సంగతి అది. పంచ్ బౌల్ కొండ మీంచి, చెప్పులు తడవకుండా నిన్ను ఎత్తుకుని దిగిన రోజు కూడా ప్రేమించలేదా అంటాడు. ఆ బొంగురు గొంతులో ఉన్న ఆప్యాయత నటన కాదు, ఫిట్జెరాల్డ్ దాన్ని నటనలా రాయలేదు. డైసీ చలించిపోతుంది, ఒకప్పుడు ప్రేమించాను అని ఒప్పేసుకుంటుంది. నిజానికి గాట్స్‌బీ ఓడిపోయింది ఆ మందుల షాపుల సంగతికి ముందే, ఈ చెప్పుల దగ్గరే. టామ్‌కి ప్రేమ లేదని రాస్తే అది అబద్ధం. ఉంది. చెయ్యి ఎత్తడం, ఎత్తుకుని దించడం రెండూ అతనికి ఒకే చెయ్యి, రెండూ తన సొత్తు మీదే అనుకునే చెయ్యి. గాట్స్‌బీ మాత్రం తక్కువ తిన్నాడా, డైసీ ఏమనాలో ఆమె బదులు తనే రాసిపెట్టుకుని వచ్చాడు. ఆ గదిలో ఆమెను ఆమెగా మాట్లాడనిచ్చినవాడు ఒక్కడూ లేడు, మీ "భర్త కదా" దగ్గర నాకు వచ్చిన ఇబ్బంది అది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఉన్నది ఉన్నట్టు మాట్లాడేవాడు టామ్ ఒక్కడే అన్నారు. ఏడో అధ్యాయంలో ఒక అబద్ధం ఉంది, చాలా చిన్నది, మీ కంటపడలేదు. ప్లాజాకి వెళ్ళేటప్పుడు కార్లు మార్చుకుంటారు, గాట్స్‌బీ పసుప్పచ్చ కారు టామ్ నడుపుతాడు. దారిలో పెట్రోలు కోసం విల్సన్ గరాజ్ దగ్గర ఆగుతాడు. టామ్ పాత కారు తనకి అమ్ముతాడేమోనని విల్సన్ ఎప్పటినుంచో ఆశగా చూస్తున్నాడు, టామ్ కూడా ఇదిగో అదిగో అని ఊరిస్తూ వస్తున్నాడు, అక్కడికి వస్తూ ఉండటానికి అదొక సాకు. ఆ రోజు విల్సన్ ఒంట్లో బాగాలేక పాలిపోయి ఉన్నాడు. టామ్ వాడితో, ఈ కారు ఎలా ఉంది, పోయిన వారమే కొన్నాను అంటాడు. ఊరికే అంటాడు! ఏ లాభమూ లేదు, ఎవరూ అడగలేదు. పేదవాడి ముందు కొంచెం సరదా. పైన కిటికీలోంచి మర్టిల్ ఆ కారులో టామ్‌ని చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం అదే పసుప్పచ్చ కారు తిరిగొస్తుంటే, అందులో టామ్ ఉన్నాడనుకుని ఎదురు పరిగెత్తుతుంది. నడుపుతున్నది డైసీ. మర్టిల్ అక్కడికక్కడే పోతుంది.

ఆ మాట విల్సన్‌కి గుర్తుండే ఉంటుందని టామ్‌కి తెలుసు, అందుకే ప్రమాదం జరిగిన చోట మొదట చేసిన పని వాణ్ణి పట్టుకుని ఆ కారు నాది కాదు అని చెప్పడం. భార్య పోయి వణికిపోతున్న మనిషితో!

మర్నాడు విల్సన్ తుపాకీ జేబులో పెట్టుకుని టామ్ ఇంటికొస్తాడు. కారు ఎవరిదో టామ్ చెబుతాడు. విల్సన్ వెళ్ళి ఈతకొలనులో ఉన్న గాట్స్‌బీని కాల్చి, తనూ కాల్చుకుంటాడు. అక్టోబరు చివర్లో నిక్ నిలదీస్తే టామ్ ఇచ్చే జవాబు చదివారు కదా. నేను అతనికి నిజమే చెప్పాను అంటాడు. ఆ మాటకొస్తే కారు గాట్స్‌బీదే, అది నిజం. నడిపింది కూడా గాట్స్‌బీయేనని టామ్ నమ్ముతున్నట్టే మాట్లాడతాడు. చెప్పకపోతే చంపేసేలా ఉన్నాడంటాడు, అదీ నిజమే అయ్యుండొచ్చు, గుమ్మంలో తుపాకీ ఉంటే ఎవరికైనా ప్రాణం తీపి.

కానీ విల్సన్ వెతుకుతున్నది కారు ఓనరుని మాత్రమే కాదు. సొరుగులో ఒక ఖరీదైన కుక్కగొలుసు దొరికింది వాడికి, తోలుది, వెండి అల్లికది, వాళ్ళింట్లో కుక్కే లేదు. ఒకరోజు మర్టిల్ ముక్కు వాచి ఇంటికి రావడం కూడా గుర్తొచ్చింది. ఆ గొలుసు ఇచ్చినవాడూ, ఆ కారు నడిపినవాడూ ఒకడేనని తీర్మానించుకున్నాడు. గొలుసు సంగతి తేల్చగల మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కారు గాట్స్‌బీది అన్నాడు, గొలుసు నాది అనలేదు. భారతం గుర్తు చేసుకోండి, అశ్వత్థామ హతః అని గట్టిగా అని, కుంజరః అని గొణిగాడు ధర్మరాజు, ఆ సగం మాటకే భూమికి నాలుగు అంగుళాలు పైన నడిచే ఆయన రథం నేలకి దిగింది. టామ్ ఆ గొణగడం కూడా గొణగలేదు. అతని రథం దిగలేదు కూడా. ఫిఫ్త్ ఎవెన్యూలో నగల షాపు అద్దంలోకి తొంగిచూస్తూ దొరికాడు నిక్‌కి.

కర్ర విరగకుండా పాము చచ్చింది, అదీ ఎత్తు వేసి కాదు. అక్కడే టామ్ మామూలు విలన్ల నుంచి వేరుపడతాడు. కూర్చుని పథకం వేసినవాడైతే మనకి అసహ్యించుకోవడం తేలిక. ఇతను తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు నోటికొచ్చిన నిజం చెప్పాడు, మిగిలింది తనంతట తనే జరిగింది. పైగా తనే బాధితుణ్ణనుకుంటాడు. ఫ్లాట్ ఖాళీ చేయడానికి వెళ్ళి, అక్కడ కుక్క బిస్కెట్ల డబ్బా చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చానంటాడు నిక్‌తో. నేను నమ్ముతాను, ఏడ్చే ఉంటాడు.

అప్పుడు నిక్ ఏం చేశాడు? మొదట చెయ్యి కలపనన్నాడు. తర్వాత కలిపాడు. చిన్నపిల్లాడితో మాట్లాడుతున్నట్టుంది, కలపకపోవడమే వెర్రితనం అనిపించింది అన్నాడు. కారు నడిపింది డైసీ అని నిక్‌కి తెలుసు, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. నాకు నవల మొత్తంలో అన్నిటికన్నా చిరాకు తెప్పించేది టామ్ కాదు, ఈ కరచాలనం. అన్నీ తెలిసినవాడు, కథంతా మనకి చెబుతున్నవాడు కూడా టామ్ ఎదుటపడేసరికి మర్యాదలోకి జారిపోయాడు. మీరు కూడా ఆ ప్లాజా ఘట్టం చదివి, ఇతనన్నది నిజమే కదా అని కాసేపు అతని పక్కన నిలబడ్డారు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, అలా నిలబడేలా రాశాడు కాబట్టే ఫిట్జెరాల్డ్ పెర్కిన్స్‌కి అంత గర్వంగా చెప్పుకున్నాడు.

ఇక పని సంగతి. మీ మొదటి వాక్యం మార్చుకోకండి, టామ్ చెప్పేవి చాలావరకు నిజాలే అని మొదలుపెట్టండి, క్లాసు ఉలిక్కిపడుతుంది, పడనివ్వండి. తర్వాత కుక్క బేరం, విస్కీ సీసా, పసుప్పచ్చ కారు, కుక్కగొలుసు, ఈ వరసలో వెళ్ళండి. రెండు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అధ్యాయాల్లో అన్నీ దొరుకుతాయి, చిటికెన వేలు మాత్రం ఒకటో అధ్యాయంలో ఉంటుంది. ప్రతిచోటా పేజీ నంబరు రాసుకోండి, మీ సార్ అడిగిన ఆధారాలు అవే. ఫిట్జెరాల్డ్ కుర్రతనంలో ప్రేమించిన జినెవ్రా కింగ్ లేక్ ఫారెస్ట్ అమ్మాయనీ, షికాగో డబ్బున్న కుర్రాణ్ణి చేసుకుందనీ, టామ్‌లో అతని పోలికలున్నాయనీ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, ఆ కబుర్లలోకి దిగితే మీకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది. 2013 సినిమా చూసి రాయకండి. వుల్ఫ్‌షైమ్‌గా అమితాబ్ కనిపిస్తాడన్న సరదాకి చూడండి, పరీక్షకి కాదు, ఎందుకంటే అందులో టామ్ ముఖం చూడగానే వీడు చెడ్డవాడని తెలిసిపోతుంది, పుస్తకంలో అంత సులువుగా తెలియదు.

ఆ సీనియర్ మళ్ళీ లేస్తే గొడవకి దిగకండి. నిక్ చెయ్యి ఎందుకు కలిపాడు అక్కా, నువ్వైతే కలిపేదానివా అని అడగండి. ఆవిడ కలపనంటే, మరి నిజం తెలిసీ నిక్ ఎందుకు నోరు మూసుకున్నాడో చెప్పమనండి. చర్చ అక్కణ్ణుంచి దానంతట అదే నడుస్తుంది, మీరు కూర్చోవచ్చు.